చూసినదే రాయాలి

ముందే చెబుతున్నాను, నేను అబద్ధం ఆడలేదు. మూడుసార్లు నిజం చెప్పాను. మా ఇంటి ఓనరు రెండుసార్లు చెప్పింది. మా ఆయన మరియదాసు ఒకసారి చెప్పబోయాడు కానీ నోట్లో లడ్డూ అడ్డం వచ్చింది. అయినా చర్చిలో ఆదివారం పూజ తర్వాత అందరి ముందూ నన్ను నిలబెట్టి శాలువా కప్పారంటే అది నా తప్పా? మీరే చెప్పండి.

నా పేరు హెలెన్. సింగ్‌నగర్‌లో కింద వాటాలో అద్దెకుంటాం. పైన ఓనరు రామతులసిగారు ఒక్కతే ఉంటుంది. నేను పిన్నిగారూ అంటాను. పిన్నిగారు మంచిదే, నోరే మంచిది కాదు. మరియదాసు ఆటో తోలుతాడు, నేను మిషను కుడతాను, మా జెస్సికా పదో తరగతి చదువుతోంది. సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగినప్పుడు మా వాటాలోకి ఛాతీ దాకా నీళ్ళొచ్చాయి. నాలుగు రోజులు పిన్నిగారింట్లోనే ఉన్నాం. నీళ్ళు తీశాక దిగి చూస్తే మంచాలు ఉబ్బిపోయాయి, టీవీలోంచి బురద కారింది, కుట్టుమిషను బిగుసుకుపోయింది. ఆటో ఇంజను సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది. అప్పట్నుంచి మరియదాసు ఇంకొకరి ఆటో రోజు కిరాయికి తీసుకుని తోలుతున్నాడు. కిరాయి పోగా మిగిలింది తిండికి సరిపోతోంది. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, మూడు నెలల అద్దె అలాగే ఆగిపోయింది.

నవంబరు ఆఖర్లో పిన్నిగారు మెట్ల మీద నిలబడి కేకేసింది.

"ఇదిగో హెలెనూ, డిసెంబరు అయిదో తారీఖు దాకా చూస్తాను. బ్యాంకులో పనిచేసే పవన్‌కుమార్ అనే అబ్బాయి అడ్వాన్సు పట్టుకుని తిరుగుతున్నాడు. నీ మొహం చూసి ఆపాను. ఆపైన నా వల్ల కాదమ్మాయ్."

ఇంకో ఇల్లు చూసుకోవాలంటే రెండు నెలల అడ్వాన్సు పెట్టాలి. జెస్సికా స్కూలు రెండు వీధుల అవతలే, మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఈ వాటా పోతే ఈ ఊళ్ళో మాకు నీడ లేదు.

మా చర్చిలో దయామాత గృహ సహాయ సంఘం అని ఒకటుంది. అద్దె కట్టలేని కుటుంబానికి రెండు నెలల అద్దె సంఘం కడుతుంది, మూడో నెల ఓనరు మాఫీ చెయ్యాలి. చెక్కు ఓనరు పేరు మీదే ఇస్తారు. ఇవ్వబోయే ముందు కమిటీ ఇంటికొచ్చి చూస్తుంది. చూడ్డం అంటే మామూలు చూడ్డం కాదు. రెండేళ్ళ క్రితం ఒకాయన తన కష్టాలు చెప్పి కమిటీ అంతటినీ ఏడిపించాడు. చెక్కు ఇచ్చాక తెలిసింది, ఆయనుండే ఇల్లూ ఆయనదే, పక్క రెండిళ్ళూ ఆయనవేనని. అప్పుడు ప్రెసిడెంటు బాలశౌరిగారు ఒక నియమం పెట్టారు. విన్నది రాయకూడదు, చూసినదే రాయాలి. ఆయన రైల్వేలో టికెట్ కలెక్టరుగా చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళు టికెట్ లేనివాళ్ళ కథలు విన్న మనిషి, చెవుల్ని పూర్తిగా వదిలేశారు. ఒక ఫారం తయారుచేశారు. కుర్చీకి రెండు మార్కులు, ఫ్యానుకి మూడు, ఫ్రిజ్‌కి పది, అలా. మార్కులు ఎంత తక్కువొస్తే సాయానికి అంత దగ్గర.

నాకు ధైర్యంగానే ఉంది. మా ఇంట్లో రెండు చాపలు, ఒక ఫ్యాను, ఒక స్టవ్వు. ఈ ఊళ్ళో ఇంతకన్నా తక్కువ మార్కులు ఎవరికొస్తాయి? ఓనరు సంతకం కూడా కావాలి కాబట్టి, ఫలానా శనివారం ఇంట్లో ఉండమని చెప్పడానికి పైకి వెళ్ళాను. అక్కడ మొదలైంది.

"ఎంతమందొస్తారు?" అంది పిన్నిగారు.

"ముగ్గురండీ."

"ఎక్కడ కూర్చోబెడతావు?"

"చాప మీదండీ."

ఆవిడ ఒంటికాలి మీద లేచింది. "చాప మీదా! ఇంటికొచ్చిన పెద్దమనుషుల్ని చాప మీద కూర్చోబెడతావా? రామతులసి వాటాలో మర్యాద తెలియని వాళ్ళున్నారని రేపు ఊరంతా చెప్పుకోరూ?"

"పిన్నిగారూ, వాళ్ళొచ్చేదే మాకేం లేదని చూడ్డానికండీ!"

"డబ్బు లేకపోతే లేకపోయింది. మర్యాద కూడా లేదనుకోవాలా?"

నిజం చెప్పాలంటే నాకూ లోపల అదే బాధగా ఉంది. అంచు విరిగిన గ్లాసుల్లో బాలశౌరిగారికి టీ ఇవ్వడం ఎలాగా అని రెండు రోజుల్నుంచి నిద్ర పట్టలేదు. ఒక్క రెండు కుర్చీలు ఇప్పించండీ చాలు అన్నాను. అదీ నేను చేసిన తప్పు. ఆవిడతో రెండు కుర్చీలు అనకూడదు.

శనివారం పొద్దున్నే ఆటో స్టాండు నుంచి నలుగుర్ని పిలిపించింది. కుర్చీలు దిగాయి. సోఫా దిగింది. టీపాయి దిగింది. టీవీ దిగింది. గోడ మీద వరద నీళ్ళ చెమ్మ గీత ఛాతీ ఎత్తున అలాగే ఉంది కదా, అది కనబడితే తన ఇంటి పరువు పోతుందని బీరువా కూడా దింపించి గీతకి అడ్డంగా పెట్టించింది. ఆఖరికి ఫ్రిజ్ కూడా. "వేసవి కాదు కదండీ, ఫ్రిజ్ ఎందుకండీ?" అంటే, "ఆ మూల బోసిగా ఉందే" అంది. మోసేవాళ్ళు ఫ్రిజ్ తేలిగ్గా ఉందన్నారు. తలుపు తీస్తే లోపల ఒక నీళ్ళ సీసా తప్ప ఏమీ లేదు. మోయడానికని ముందే ఖాళీ చేసి పెట్టిందనుకున్నాను. కాసేపటికి తనే వెళ్ళి అరకిలో బందరు లడ్డూ కొనుక్కొచ్చి అందులో పెట్టింది. మరియదాసు సోఫాలో కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, "హెలెనూ, మనం బాగుపడ్డామే" అన్నాడు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది.

నాలుగింటికి కమిటీ వచ్చింది. బాలశౌరిగారు, మహిళల తరఫున మణెమ్మగారు, ఫారం రాసే అంతోని. గుమ్మంలోనే ఆగిపోయారు. బాలశౌరిగారు సోఫా వంక చూశారు, నా వంక చూశారు, మళ్ళీ సోఫా వంక చూశారు.

"సోఫా ఒకటి," అన్నారు. అంతోని రాసుకున్నాడు.

"సార్, ఆ సోఫా మాది కాదండీ. పైన పిన్నిగారిది. మీరొస్తున్నారని దింపించింది," అన్నాను. ఇది మొదటిసారి చెప్పిన నిజం.

"విన్నది రాయకూడదమ్మా," అన్నారాయన మెత్తగా. "టీవీ ఒకటి. బీరువా ఒకటి. ఫ్రిజ్... డబుల్ డోరా, సింగిల్ డోరా?"

"సింగిలేనండీ," అన్నాడు అంతోని తలుపు తీసి చూసి. "లోపల లడ్డూలున్నాయి సార్."

లడ్డూలు ఉన్నాయని తెలిశాక పెట్టకుండా ఎలా ఉంటాం? పెట్టాను. మణెమ్మగారు రెండు తిని, ఇది ఏ షాపుదో అడిగారు. బాలశౌరిగారు మూడు తిన్నారు. మరియదాసు నోరు తెరిచి నిజం చెప్పబోతుండగా మణెమ్మగారు "నువ్వూ తిను బాబూ" అని ఆయన నోట్లో ఒకటి పెట్టారు. బందరు లడ్డూ నోట్లో పడ్డాక మనిషికి రెండు నిమిషాలు మాట రాదు. ఈలోగా అంతోని మార్కులు కూడేశాడు. నలభై ఒకటి.

"ఈ సంవత్సరంలో ఇంత ఎక్కువ ఎవరికీ రాలేదు," అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఏడుపు ఆపుకుని, "కనీసం పైకొచ్చి ఓనర్ని అడగండి సార్" అన్నాను. సరేనని లేచారు.

పైన పిన్నిగారు ఖాళీ గది మధ్యలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉంది. ఉన్న మంచి చీర లడ్డూల కోసం షాపుకి కట్టుకెళ్ళి వచ్చి మడతపెట్టేసినట్టుంది, ఒంటి మీద పాత నేత చీర. ఆ గదిలో ఆవిడా, ఫ్యానూ, బకెట్టూ, లోపల స్టవ్వు. ఇంకేమీ లేదు. మేం లోపలికి వెళ్ళేసరికి చేతిలో ఏదో మాత్ర విరుస్తోంది. మమ్మల్ని చూసి గబుక్కున పిడికిలి మూసి, "రండి బాబూ, కూర్చోండి" అనేసి, కూర్చోబెట్టడానికి ఏమీ లేదని అప్పుడు గుర్తొచ్చి నాలిక్కరుచుకుంది.

మణెమ్మగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయ్యో తల్లీ!" అన్నారు.

"ఫ్యాను ఒకటి, స్టవ్వు ఒకటి," బాలశౌరిగారి గొంతు కూడా మారిపోయింది. "బకెట్టుకి మార్కులున్నాయా అంతోనీ?"

"లేవండీ. మొత్తం నాలుగు. ఇంకోటి సార్, మాత్ర. సగం."

"చూశావా?"

"చూశాను సార్."

"అయితే రాయి."

పిన్నిగారికి విషయం అర్థమయ్యేసరికి మొహం ఎర్రబడింది. "ఏవండోయ్, ఈ ఇల్లు నాది! కింద ఉన్నది నా సోఫా!"

బాలశౌరిగారు చేతులు జోడించారు. "ఇంత పేదరికంలోనూ ఎంత ఆత్మగౌరవం!" అన్నారు మణెమ్మగారితో.

"ఆత్మగౌరవమేంటి నా బొంద! ఇంటి పన్ను రసీదుంది, చూపిస్తా పదండి!"

ఇది బాగుంది అనుకున్నాను. రసీదు కంటికి కనబడుతుంది కదా, ఇక రాయక చస్తారా? ఎక్కడుందండీ అని అంతోని అడిగాడు. పిన్నిగారు నోరు తెరిచి, అలాగే ఉండిపోయింది. రసీదు బీరువాలో ఉంది. బీరువా మా ఇంట్లో ఉంది.

అందరం మళ్ళీ కిందకి దిగాం. పిన్నిగారు బొడ్లో తాళం తీసి బీరువా తెరిచి రసీదు ఇచ్చింది. బాలశౌరిగారు కళ్ళజోడు పెట్టుకుని, దాన్ని ఎగాదిగా చూశారు.

"ఇంటి కాగితాలు ఉన్నది కింది వాటాలో. రాయి అంతోనీ. పేరు రామకోటేశ్వరరావు. ఈయన ఎవరు?"

"మా ఆయనండీ. పోయి ఆరేళ్ళయింది," అంది పిన్నిగారు.

"విన్నది రాయకూడదు," అన్నారు ముగ్గురూ ఒకేసారి.

దాంతో తేలిపోయింది. నలభై ఒక్క మార్కులున్నదీ, ఇంటి కాగితాలున్నదీ మా వాటాలో, కాబట్టి ఓనర్ని నేను. నాలుగు మార్కులతో పైన ఉన్నది అద్దెకుండే ఆవిడ. మరి దరఖాస్తు నా పేరు మీద ఎందుకుందని అంతోనికి అనుమానం వచ్చింది. దానికి మణెమ్మగారే జవాబు చెప్పారు. పాపం ముసలావిడ అడగడానికి మొహమాటపడుతుంటే, ఓనరమ్మే ఆమె తరఫున పెట్టి ఉంటుందట. ఆ మాటకి ముగ్గురూ నన్ను ఎంత ప్రేమగా చూశారో! నేను ఓనర్ని కాదని ఇంకోసారి చెప్పాను, దాదాపు అరిచాను. చేసిన మేలు చెప్పుకోకపోవడం పెద్ద గుణం అన్నారు బాలశౌరిగారు.

"అయితే అమ్మా హెలెన్, నియమం ప్రకారం మూడో నెల అద్దె నువ్వు మాఫీ చెయ్యాలి."

"నేనెట్లా మాఫీ చేస్తాను సార్? ఈ ఇల్లు నాది కాదు!" ఇది మూడోసారి.

ఆయన మొహం ముడుచుకుంది. "ఫ్రిజ్ ఉంది, టీవీ ఉంది. ఏడు వేలు వదులుకోవడానికి మనసు రావట్లేదా? నువ్వు సంతకం పెట్టకపోతే ఆ రెండు నెలలూ కూడా రావు."

నేను పిన్నిగారి వైపు చూశాను. ఆవిడ పళ్ళు నూరుతోంది. ఏడు వేలు తనవి, మాఫీ చేసేది నేను. ఏం చెబుతుందోనని చూస్తున్నాను. ఈలోగా మణెమ్మగారు పిన్నిగారి తల మీద చెయ్యి పెట్టి పరలోకజపం అందుకున్నారు. ప్రార్థన జరుగుతుంటే మధ్యలో మాట్లాడకూడదని పిన్నిగారికి తెలుసు. చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, పెదవి కదలకుండా నాకు మాత్రమే వినబడేట్టు అంది.

"పెట్టి చావవే. ఆ పద్నాలుగు వేలన్నా రానీ."

పెట్టాను. ఓనరు అని రాసి ఉన్న చోట పెట్టాను. దేవుడు చూస్తూనే ఉన్నాడు, ఏ సోఫా ఎవరిదో ఆయనకి తెలుసు.

ఆదివారం పూజ తర్వాత ఫాదర్‌గారు నన్ను వేదిక మీదికి పిలిచారు. ఉదార హృదయం గల గృహ యజమాని అని బాలశౌరిగారు మైకులో నా గురించి చెప్పి, శాలువా కప్పి, చెక్కు చేతికిచ్చారు. పిన్నిగారికి పది కిలోల బియ్యం ఇచ్చారు. ఆవిడని జెస్సికా బతిమాలి తీసుకొచ్చింది, ముందు వరసలో మూతి బిగించి కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. మేం అద్దెకుంటున్నామని తెలిసినవాళ్ళు కొందరు మాత్రం కొట్టకుండా నన్నే చూస్తున్నారు. ఆ శాలువా కింద నేను చచ్చి బతికాను. అదే సాయంత్రం పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళి, తెర అవతలున్న ఫాదర్‌గారికి మొత్తం చెప్పాను. ఆయన నవ్వు ఆపుకుంటున్నారని తెర ఇవతలికి తెలిసిపోతూనే ఉంది.

"డబ్బు ఎవరికి చేరాలమ్మా?" అన్నారు చివరికి.

"పిన్నిగారికి, ఫాదర్."

"చేరుతుందా?"

"చెక్కు మారగానే ఆవిడ చేతిలో పెడతాను."

"మరింకేం. ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు చెప్పుకో. ఆ కమిటీతో నేను మాట్లాడతాను."

అయిదో తారీఖు పొద్దున్న పద్నాలుగు వేలు పట్టుకుని పైకి వెళ్ళాను. సామాన్లన్నీ ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి. మోసేవాళ్ళకి డబ్బులు దండగ అని, ఒకటో రెండో మరియదాసే ఎక్కిస్తాడులే అని ఆవిడే ఆపింది. వంటింట్లో స్టవ్వు మీద అన్నం ఉడుకుతోంది. చర్చిలో ఇచ్చిన బియ్యం సంచి విప్పి ఉంది. పక్కన బియ్యం డబ్బా మూత తీసి ఉంది. డబ్బా అడుగు తళతళా మెరుస్తోంది, ఒక్క గింజ లేదు.

ఎందుకో ఆ ఖాళీ ఫ్రిజ్ గుర్తొచ్చింది.

"పిన్నిగారూ, పామర్రు నుంచి మీ పొలం బియ్యం రాలేదాండీ ఈసారి?"

"ఏ పొలం? ఆయన ఆసుపత్రి ఖర్చులకే అమ్మేశాం."

"మరి ఎప్పుడూ మా పామర్రు పొలం, మా పామర్రు పొలం అంటారు కదండీ!"

"మా పొలమే కదే. ఇప్పుడు ఇంకొకళ్ళు చేసుకుంటున్నారు," అంది గరిట తిప్పుతూ.

మూడేళ్ళుగా ఈవిడ కింద ఉంటున్నాను. మా అద్దె తప్ప ఈవిడకి వేరే రాబడి లేదని నాకు తెలియదు. మూడు నెలలు మేం అద్దె ఇవ్వలేదంటే ఈవిడ మూడు నెలలు ఏం తిన్నట్టు? అంతోని ఫారంలో రాసిన ముక్క అప్పుడు గుర్తొచ్చింది. మాత్ర, సగం. చూసినదే రాస్తామన్నవాళ్ళు ఒక్క నిమిషంలో చూసి రాసుకుపోయారు. ఇంట్లోనే ఉండి నేను చూడలేదు. గూట్లో మందుల డబ్బా ఉంటే లాగి చూశాను. ఖాళీ అట్టలు.

"మీ బీపీ మాత్రలు ఏవండీ?"

"మీ కమిటీ తినేసిందిగా," అంది పిన్నిగారు.

ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మాత్రల డబ్బులతో లడ్డూలు కొంటారా? బుద్ధుందా మీకు? ఇన్ని రోజులూ ఒక్క మాట చెప్పొచ్చుగా! మాతోపాటే ఇంత ముద్ద తినేవారు కదా!"

"ఎట్లా చెప్తానే? నువ్వంటే అద్దెకున్నదానివి, లేదని నలుగురిలో చెప్పుకోవచ్చు. సొంత ఇల్లున్నదాన్ని నేను వెళ్ళి ఎవర్ని అడగను?"

అన్నం మాడు వాసన వస్తే ఆవిడే స్టవ్వు కట్టేసింది. డబ్బులు ఆవిడ చేతిలో పెట్టి, ఒక వెయ్యి మళ్ళీ లాక్కుని, మరియదాసుని కేకేసి ముందు మాత్రలు తెమ్మని పంపాను. అప్పుడు తారీఖు గుర్తొచ్చింది.

"ఇవాళ అయిదో తారీఖు కదండీ. ఆ పవన్‌కుమార్ వస్తాడేమో, అడ్వాన్సు..."

"ఏ పవన్‌కుమార్?" అని, వెంటనే మొహం పక్కకి తిప్పుకుంది. "వాడెవడూ లేడులే. భయపడి కాస్త అద్దె కడతావేమోనని అన్నాను."

మాఫీ చేసిన ఏడు వేలు మిషను బాగుచేయించుకుని జాకెట్లు కుట్టి తీరుస్తానని చెప్పాను. తీర్చకపోతే ఊరుకుంటానా అంది. ఇక కిందకి వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచింది.

"ఆ శాలువా తెచ్చివ్వు."

"ఎందుకండీ?"

"అది ఓనరుకిచ్చిందే. పొద్దున్నే చలిగా ఉంటోంది."

తెచ్చి నేనే కప్పాను. మరియదాసు మందులు పట్టుకొచ్చాడు. అలవాటుకొద్దీ ఆవిడ మాత్ర తీసి రెండు చేతుల్తో పట్టుకుని విరవబోయింది. చేతులు పట్టుకుని ఆపాను. ఆ రోజు పిన్నిగారు మాత్ర మొత్తం మింగి, కిందకి దిగి, తన సోఫాలో కూర్చుని మా ఇంట్లో అన్నం తింది.